పదకొండో చుట్టు

మా టోకెన్ తొమ్మిది, టేబుల్ దగ్గర ఇప్పుడు మూడో నంబరు నడుస్తోంది, ఒక్కోదానికి పది నిమిషాలు వేసుకున్నా ఇంకో గంట, అంటే మావయ్యకి నిజం చెప్పడానికి నాకున్నది ఒక్క గంట, పద్నాలుగేళ్ళు ఊరికే కూర్చుని చివరికి గంట మిగుల్చుకున్నాను, పరీక్ష ముందు రోజు పుస్తకం తెరిచే బుద్ధి ఎక్కడికి పోతుంది, అయినా గంటంటే తక్కువేం కాదు, షాపులో అయితే గంటలో ఆరు కళ్ళజోళ్ళకి అద్దాలు అరగదీసి బిగించేస్తాను, ఇక్కడ చెప్పాల్సింది ఆరు మాటలు, మావయ్యా ఆ ఇంజన్ నడిచింది నేనే నడిపాను, కళ్ళజోడుకో మాట చొప్పున చెప్పినా అయిపోవాలి. మావయ్య నా పక్క కుర్చీలో ఉన్నాడు. ఒళ్ళో అట్టపెట్టె, దాని మీద రెండు చేతులు, ఆసుపత్రిలో జనం ఎక్స్‌రే కవరు పట్టుకుని కూర్చుంటారే అలా, గట్టిగా పట్టుకుంటే లోపలిది మారిపోతుందేమో అన్నట్టు. హాలు కింద స్విమ్మింగ్ పూల్ ఉంది, నెలకోసారి ఆదివారం పొద్దున మా పాత బొమ్మ రైళ్ళ క్లబ్బుకి ఈ హాలు ఇస్తారు, నేలలోంచి క్లోరిన్ వాసన, ఈత నేర్పే ఆయన విజిల్, ఆ విజిల్ వేసినప్పుడల్లా ఇక్కడ టేబుళ్ళ మీద తల వంచుకున్న నలభై మంది ముసలీ ముతకా ఒక్క క్షణం తల ఎత్తుతారు, బండి వస్తోందేమో అని, మళ్ళీ వంచుతారు. ఎవ్వరూ నవ్వుకోరు. నాకు మొదట్లో నవ్వొచ్చేది, ఇప్పుడు నేనూ ఎత్తుతున్నా.

ఇక్కడ పేర్లు ఉండవు, పనులే పేర్లు, మావయ్య లిఫ్ట్ మెకానిక్ కాబట్టి లిఫ్ట్ గారు, ఆయన ఉండే బిల్డింగుకి మాత్రం లిఫ్ట్ లేదు, మూడంతస్తులు ఎక్కి ఇంటికెళ్ళి ఆయాసపడుతూ అత్తతో ఈ రోజు ఎన్ని లిఫ్టులు బాగుచేశాడో చెప్తాడు. పరీక్ష టేబుల్ దగ్గర కూర్చున్నావిడ పళ్ళ డాక్టరమ్మ, నోట్లో పెట్టే బుల్లి అద్దం ఇంజన్ పొట్ట కిందికి దూర్చి చూస్తుంది, చక్రాల పళ్ళు లెక్కపెడుతుంది, తెరవండి కొంచెం, ఇంకొంచెం, అని అట్టపెట్టెలతో కూడా అలాగే అంటుంది. కిటికీ దగ్గర నిలబడి మా వైపు చూడనట్టు చూస్తున్నాయన సీలు సార్, మందుల షాపు ఆయనది, మూడు వందల ఇంజన్లున్నాయట, ఒక్కటీ నడవలేదట, కొన్న రోజు పెట్టె మీద సీలు ఎలా ఉందో అలాగే, ఆ పేరు అందుకే, నడిచిందంటే ముట్టుకోడు. మేం కూర్చుంది ఆయన కోసమే. ఆయన దగ్గర పోస్టు బోగీ ఉంది. నీలం రంగు, పక్కకి జరిగే చిన్న తలుపు, తలుపు తీస్తే లోపల గోరంత ఉత్తరాల సంచి ఉంటుందట, అట అంటున్నా, మేం చూసింది మూత మీద బొమ్మలోనే. మావయ్యకి ముప్ఫై ఏళ్ళప్పుడో ఎప్పుడో ఇనప సామాన్ల కొట్లో ఒక నల్ల ఇంజనూ రెండు బోగీలూ దొరికాయి, కీ ఇస్తే నడిచేవి, పెట్టె మూత మీద మాత్రం ఇంజను వెనక మూడు బోగీలున్నాయి, ఆ మూడోది ఇదిగో ఈ నీలం పోస్టు బోగీ, ఇరవై రెండేళ్ళుగా ఆ మూతే చూస్తున్నాడు, అత్త అంటుంది, నేను తప్పిపోతే మీ మావయ్య పోలీసులకి నా ఫోటో ఇవ్వడు, ఆ మూత ఇచ్చి ఇది కూడా దొరికితే చెప్పండి అంటాడు, అని.

దానికి బదులివ్వడానికి కొన్నదే ఈ ఎర్ర ఇంజను. అదే కంపెనీది, నల్లదానికి చెల్లెలు లాంటిది, షాపులోంచి నేరుగా పెట్టెతో వచ్చింది, నడవనిది, దీన్ని ఇచ్చి ఎప్పటికైనా పోస్టు బోగీ తెచ్చుకోవాలని మావయ్య బీరువా మీద పెట్టి దారం కట్టేశాడు. ఆదివారాల్లో డైనింగ్ టేబుల్ మీద నల్లది తిరిగేది, ఎర్రది పైనుంచి వింటూ ఉండేది. నల్లదాన్ని నా చేతికి ఇచ్చేవాడు, కీ ఇవ్వు, తోయి, పడెయ్యకు అంతే అనేవాడు. ఎర్రదాని దగ్గరికి వస్తే మాత్రం, అది మనది కాదే పిచ్చుకా, మన దగ్గర ఉందంతే, అనేవాడు. నేను పిచ్చుకని. ఇప్పుడు అరవై కిలోలున్నా పిచ్చుకనే.

నాలుగో నంబరు పిలిచారు. మేకులూ బోల్టులూ అమ్మే ఆయన లేచాడు, చొక్కా సర్దుకున్నాడు, ఇంటర్వ్యూకి వెళ్తున్నట్టు. నా చేతులు చల్లగా ఉన్నాయి, ఆ సంగతి నాకు ఎవరో చెప్తున్నట్టు తెలుస్తోంది, ఓహో, చేతులు చల్లబడ్డాయన్నమాట, గుండె కూడా కొంచెం ఎక్కువే కొట్టుకుంటోంది, మిగతాదంతా బానే ఉంది. భయమంటే నాకెప్పుడూ ఇలాగే, పక్క గదిలో ఎవరిదో ఫోన్ మోగుతున్నట్టు. అసలు భయమంతా కార్డు గురించి. ప్రతి పెట్టెలోనూ ఒక కార్డు ఉంటుంది, చుట్ల కార్డు అంటారు, ఈ ఇంజను పట్టాల మీద ఎన్ని చుట్లు తిరిగింది, ఏ రోజు, ఎవరు నడిపారు, మూడు గళ్ళు, పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను ఇంకు పాకి రంగుకి అంటుకుంటుంది కాబట్టి. పదిలోపు ఎన్నయినా కొత్తదాని కిందే లెక్క, వెనకటికి షాపులవాళ్ళు అమ్మేముందు నడుస్తోందో లేదో చూపించడానికి పది చుట్లు తిప్పేవారట, అందుకని. పది దాటిందా, నడిచిన బండి. మార్పిడికి తెచ్చేవాళ్ళు ముందు రోజు కార్డు పెట్టెలో పెట్టి పైన కాగితం పట్టీ అంటించి సంతకం చేస్తారు, పరీక్ష టేబుల్ మీదే చింపుతారు, అప్పటిదాకా ఇచ్చేవాడు పుచ్చుకునేవాడికి మాట చెప్పకూడదు, నోటి మాటలు పెరుగుతాయి, పెన్సిల్ రాత పెరగదు అని ఎవరో పాత కాలం పెద్దమనిషి పెట్టిన పద్ధతి. కార్డు ఒకటి, చక్రం ఒకటి చెప్పిందనుకో, అక్కడితో సరి. టైలరు గారని ఒకాయన ఉండేవాడట, నేను చూళ్ళేదు, కార్డు మీద సున్నా అని ఉంది, చక్రం అంచున రంగు పోయింది. ఎవ్వరూ ఏమీ అనలేదట, తిట్టలేదు, వెళ్ళిపొమ్మనలేదు, కాకపోతే ఆ రోజు నుంచి ఆయన పెట్టెలు ఎవరూ తెరవలేదు. టీ ఇచ్చేవారు, బాగున్నారా అనేవారు, పెట్టె మాత్రం తెరిచేవారు కాదు. మూడు నెలలు వచ్చి మానేశాడు. ఇది నాకు మావయ్యే చెప్పాడు, వాతావరణం గురించి చెప్పినట్టు, పాపం అని కూడా అనలేదు.

ఎర్రదాని కార్డు నేను తొమ్మిదేళ్ళప్పుడు చదివాను. చుట్లు సున్నా. మావయ్య రాత, సున్నాకి లోపల చిన్న చుక్క పెడతాడు, ఎవరూ దాన్ని ఆరు చెయ్యకుండా. స్కూలయ్యాక అమ్మ ల్యాబులోంచి వచ్చేదాకా మావయ్య వాళ్ళింట్లో ఉండేదాన్ని, తాళంచెవి నా మెడలో, అత్త ఆఫీసులో, మావయ్య ఏదో బిల్డింగులో రెండంతస్తుల మధ్య. ఆ రోజు జామెట్రీ పెట్టె మర్చిపోయానో ఏదో, హోంవర్క్ లేదు, ఎందుకు చేశావు అంటే ఇదీ అని చెప్పడానికి ఏమీ లేదు, కుర్చీ మీద స్టూలు వేశాను, దింపాను, దారం ముడి ఎలా ఉందో కాగితం మీద బొమ్మ వేసుకుని మరీ విప్పాను, అంత తెలివి. ఎర్రటి ఎరుపు. ఇప్పటికీ ఏదైనా ఎర్రగా ఉందంటే దాంతో పోల్చి తక్కువ మార్కులేస్తాను. పట్టాలు నేల మీద పరిచాను, గుండ్రంగా, వాటిలో ఒక అతుకు సరిగ్గా కూర్చునేది కాదు, బండి దాని మీదికి రాగానే టక్ అనేది, చుట్టుకో టక్. కీ ఇచ్చాను, వదిలాను. నల్లది గరగరా తిరిగేది, ముసలాయన గొంతు సవరించుకుంటున్నట్టు, ఇది అలా కాదు, ఇది కుట్టు మిషన్ లాగా సన్నగా, పనిలో పడిన మనిషి లాగా, నన్ను చూడకుండా వెళ్ళిపోయింది. చుట్టు తిరిగినప్పుడల్లా రంగు పెన్సిళ్ళ పెట్టెలోంచి ఒక పెన్సిల్ తీసి నేల మీద పెట్టాను, లెక్క కోసం కాదు, టికెట్ కోసం, ప్రతి చుట్టుకీ ఒక రంగు ప్రయాణీకుడు దిగుతున్నాడు. మొదటి కీకి నలుగురు, రెండో కీకి నలుగురు, మూడోసారి వేళ్ళు నొప్పెట్టి తక్కువ తిప్పాను, ముగ్గురు. పన్నెండు పెన్సిళ్ళ పెట్టెలో తెలుపు ఒక్కటే మిగిలింది, తెల్ల పెన్సిల్ ఎవరికి కావాలి, అయినా పాపం అదీ దిగాలి కదా అని నాలుగోసారి కీ ఇచ్చాను, నిండా, ఇంక తిరగనంత దాకా, వదలబోతున్నాను, తలుపు దగ్గర తాళం చప్పుడైంది. బ్రేకు అలాగే ఉంచి ఇంజన్ని పెట్టెలో పెట్టేశాను, దారం కట్టాను, బీరువా మీదికి, స్టూలు పక్కకి, పట్టాలు నల్లదాని పెట్టెలోకి. అన్నీ అయ్యాయి. అదృష్టం ఏంటంటే ఆ రోజు తాళం ఎంతకీ రాలేదు, గలగలా కొట్టుకుంటూనే ఉంది, మావయ్య లోపలికి వచ్చేసరికి నేను పెన్సిళ్ళు చెక్కుకుంటున్నా.

ఐదు. ఆరో నంబరాయన ఇంటికి పోయాడట, కడుపు నొప్పి, పది నిమిషాలు కొట్టుకుపోయాయి. మావయ్యా, అన్నాను. ఊఁ, అన్నాడు. కాస్త నీళ్ళు తాగుతావా, అన్నాను. ఆయన నా వైపు చూశాడు, నీకు దాహమేస్తే నువ్వు తాగవే, నన్నెందుకు తాగమంటావు, అన్నాడు. తాగాను. గ్లాసు ప్లాస్టిక్‌ది, అంచు చీలింది. వెనక వరసలో ఇద్దరు ముసలాళ్ళు ఏ సంవత్సరంలో కంపెనీ వాళ్ళు మేకులు మానేసి అతికించడం మొదలుపెట్టారో దాని మీద వాదించుకుంటున్నారు, ఒకాయన, నాకు చెప్తావేంటి, మా నాన్న కొనిచ్చాడు నాకు అది, అంటున్నాడు, రెండో ఆయన, మీ నాన్న కొనిచ్చింది బొమ్మ కారు, నువ్వే చెప్పావు కిందటేడు, అంటున్నాడు, మొదటాయన, కారేనా, అన్నాడు, ఆ అడగడంలో ఏదో ఉంది, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. ఇక్కడ సగం మందికి చిన్నప్పుడు రైలు లేదు. అదే విచిత్రం. ఉన్నవాళ్ళు పాడుచేసి పారేసి మర్చిపోయారు, లేనివాళ్ళే ఇలా పోగేస్తున్నారు, పోయిందాన్ని వెతుక్కోవడం కాదు ఇది, రానిదాని కోసం స్టేషన్లో కూర్చోవడం. నేనూ కిందటేడు నుంచి కీలు పోగేస్తున్నా, బొమ్మలు కాదు, ఉత్త కీలు, ఇంజన్లు పోయి కీలు మాత్రం మిగిలినవి, నలభై ఒకటి ఉన్నాయి, ఒక్కోటి ఎవరి బొటనవేలు దగ్గర అరిగిందో చూస్తుంటా, ఎందుకో చెప్పలేను, అమ్మ అడిగితే చవగ్గా వస్తాయి అని చెప్పా.

క్లబ్బులో చేరాకే తెలిసింది కీ ఇచ్చి వదిలెయ్యడం ఎంత పాపమో. స్ప్రింగు బిగిసి ఉండిపోతే అలసిపోతుందట, లేదా ఒక రోజు మధ్యాన్నం ఎవరూ ముట్టుకోకుండానే ఫట్‌మని తెగి ఇంజను పొట్ట పగలగొడుతుందట, డాక్టరమ్మ చెప్పింది, చెప్తూ చేత్తో పేలడం చూపించింది. ఆ రోజు నుంచి బీరువా మీద ఆ పెట్టె నాకు పెట్టెలా లేదు. షాపులో అద్దాలు అరగదీస్తున్నప్పుడు గుర్తొస్తుంది, లోపల చుట్టుకుని ఉంది, నా వేళ్ళు ఇచ్చిన బిగింపు, ఇంకా నిద్రపోలేదు. మళ్ళీ దించి వదిలేద్దామా అనుకున్నాను, వదిలితే చక్రాలు తిరుగుతాయి, అదీ ఒక అబద్ధమే అవుతుంది. మా షాపులో పెద్దాయన ఒక మాట అంటాడు, గీత లేని అద్దం ఉండదమ్మాయ్, దాన్ని చూసే అద్దం నీ దగ్గర లేదంతే, అని. డాక్టరమ్మ దగ్గర ఉంది. చక్రం అంచు మీద సన్నటి మెరుపు గీత ఉంటుంది, పదకొండు చుట్లకి, వెంట్రుకలో సగం. కార్డు మీద సున్నా, లోపల చుక్క. టైలరు గారికి టీ ఇచ్చేవారు.

ఏడు. ఎనిమిది. ఎనిమిదో ఆయన బోగీ చక్రాలు తిరగేసి పెట్టి తెచ్చాడు, నవ్వులు, సీలు సార్ కూడా నవ్వాడు, నవ్వి మా పెట్టె వైపు చూశాడు, ఆయన ఆశ ఆయనది. ఇప్పుడు చెప్పకపోతే ఇంక డాక్టరమ్మే చెప్తుంది. నా నోరు నన్ను అడగలేదు.

"మావయ్యా, అది నడిచింది."

"ఊఁ."

"నేనే నడిపాను. చిన్నప్పుడు. మీ ఇంట్లో."

"తెలుసు," అన్నాడు మావయ్య, కిటికీ వైపు చూస్తూనే. "మెట్ల మీదే ఉన్నాగా నేను."

ఆయన గొంతు తగ్గించి, పక్కవాళ్ళకి వినబడకుండా, బస్సులో టైం చెప్పినట్టు చెప్పాడు. ఆ రోజు డ్యూటీ తొందరగా అయిపోయిందట. తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల చప్పుడు, నల్లది కాదని వెంటనే తెలిసిందట, నల్లది ఎవరి చేతుల్లోనూ అంత సన్నగా నడవదు, అన్నాడు, తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాడట, అతుకు దగ్గర టక్ మన్నప్పుడల్లా లెక్కపెట్టాడట. "పది చుట్లు. పది దాకా ఫర్వాలేదు కదా, కొత్తదే కదా, తిప్పుకోనీ అనుకున్నా. పది అయ్యి ఆగింది. మళ్ళీ కీ ఇస్తున్న చప్పుడు వినబడింది. ఇంక లాభం లేదని తాళం గలగలలాడించా." తర్వాత నేను వెళ్ళిపోయాక కార్డు మీద సున్నా చెరిపేసి పది అని రాశాడట, తేదీ వేశాడట, నడిపినవారు అన్న గడిలో పిచ్చుక అని రాశాడట. "స్ప్రింగు?" అన్నాను. "దాన్ని వదలాలంటే తిరగాలిగా. తిరిగితే పదకొండు. అందుకని ఏటా ఇరుసులకి చుక్క నూనె వేసి మూసేస్తున్నా. తెగుతుందేమోనని భయమే, ఏం చేస్తాం. నువ్వేం కంగారు పడకు. పది కొత్తదే. ఆయన తీసుకుంటాడు."

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు, ఎవరో నా ఒళ్ళోంచి సామాను తీసి కింద పెట్టినట్టయింది, తేలిగ్గా, కొంచెం ఖాళీగా, పద్నాలుగేళ్ళ బరువు, అది కాస్తా ఎదుటి మనిషికి ముందే తెలుసు, మరి నేను మోసిందేంటి, ఊరికే మోశానా, ఆ తాళం ఎంతకీ రాకపోవడం అదృష్టం కాదన్నమాట, పట్టాలు సర్దుకోవడానికి నాకు ఇచ్చిన టైం అన్నమాట. ఇదంతా అనుకుంటూ ఉండగానే వెనకనుంచి ఇంకోటి వచ్చింది, నెమ్మదిగా, తెల్లగా. పది కాదు. పెన్సిళ్ళు నా కళ్ళ ముందు ఉన్నాయి, వరసగా, నేల మీద, పసుపు, నారింజ, ఎరుపు, గులాబీ, ఊదా, రెండు నీలాలు, రెండు ఆకుపచ్చలు, గోధుమ, నలుపు. పెట్టెలో తెలుపు ఒక్కటే. మూడంతస్తులు ఎక్కుతున్నాడు కదా ఆయన, ఆయాసం, మొదటి టక్ ఆయన ఇంకా మెట్ల మీద ఉండగా అయిపోయింది. పదకొండు. పదికీ పదకొండుకీ తేడా డాక్టరమ్మ అద్దం చెప్పలేదు, ఏ అద్దమూ చెప్పలేదు, గీత ఒకటే గీత. కార్డు మీద పది ఉంది, రాసినాయన పదే విన్నాడు, ఆయన లెక్కలో అబద్ధం లేదు. ఈ హాల్లో, ఈ ప్రపంచంలో, తెల్ల పెన్సిల్ సంగతి తెలిసింది నాకొక్కదానికే. నోరు మూసుకుంటే పావుగంటలో నీలం పోస్టు బోగీ మావయ్య ఒళ్ళో ఉంటుంది, తలుపు పక్కకి జరుపుతాడు, గోరంత సంచి ఉందో లేదో చూస్తాడు, సాయంత్రం మూడు బోగీలతో నల్లది తిరుగుతుంది, అత్త ఆ మూత ఇంక పారెయ్యచ్చా అంటుంది. కళ్ళజోళ్ళలో కూడా ఇలాంటిది ఉంది, పవర్లో పాయింట్ ఇరవై ఐదు తేడా వస్తే ఎవరూ కనిపెట్టరు, బాగానే కనిపిస్తోందండీ అని పెట్టుకుని వెళ్ళిపోతారు, సాయంత్రం అయ్యేసరికి కొంచెం తలనొప్పి, ఎందుకో తెలీదు, ఏళ్ళ తరబడి తెలీదు. మాత్రలు వేసుకుంటారు. 

"తొమ్మిది," అన్నారు టేబుల్ దగ్గర.

మావయ్య లేచాడు. నేను ఆయన చొక్కా చెయ్యి పట్టుకున్నాను, చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నట్టు.

"పదకొండు, మావయ్యా."

"ఏంటి?"

"చుట్లు. నువ్వు మెట్లెక్కుతుండగా ఒకటి అయిపోయింది."

"ఖచ్చితంగానా?"

"తెల్ల పెన్సిల్ ఒక్కటే మిగిలింది."

అదేంటని ఆయన అడగలేదు. పెట్టె వైపు చూశాడు, కిటికీ దగ్గర సీలు సార్ చంకలో ఉన్న ఇంకో పెట్టె వైపు చూశాడు, చాలాసేపు ఏమీ కాదు, లిఫ్ట్ రెండంతస్తుల మధ్య ఆగినప్పుడు లోపలున్నవాళ్ళు ఎంతసేపు మాట్లాడకుండా ఉంటారో అంతసేపు. "ముందే చెప్పి ఉంటే చెరిపి రాసుకునేవాణ్ణి కదే, పట్టీ వేశాక నేను ముట్టుకోకూడదు," అన్నాడు, అంతే అన్నాడు, కోపం కూడా కాదు, పని ఎక్కువైనందుకు విసుగు. టేబుల్ దగ్గరికి నడిచి పెట్టె పెట్టి, పట్టీ చింపకముందే చెప్పేశాడు, డాక్టరమ్మా, కార్డు మీద పది అని ఉంటుంది, అది తప్పు, పదకొండు, ఇప్పుడే తెలిసింది, నడిపిన మనిషి ఇదిగో, అని నన్ను ముందుకి తోశాడు. అందరూ నన్ను చూశారు. డాక్టరమ్మ పట్టీ చింపింది, కార్డు తీసింది, చదివింది, పది, పిచ్చుక, తేదీ. "నువ్వేనా పిచ్చుక?" అంది. నేనే, అన్నాను. "అయితే దిద్ది సంతకం పెట్టు." పెన్సిల్ తీసుకున్నాను. సున్నా చెరిపాను, లోపలి చుక్కతో సహా, ఒకటి వేశాను. ఇంత చిన్న పని. పక్కన పిచ్చుక అని సంతకం పెట్టాను, ఏ కాగితం మీదా ఎప్పుడూ పెట్టని సంతకం.

సీలు సార్ దగ్గరికి వచ్చి కార్డు చూశాడు. మందుల షాపాయన కదా, చీటీ చదివినట్టు రెండుసార్లు చదివాడు. "పదకొండా," అన్నాడు. "అవునండీ," అన్నాడు మావయ్య. "పదైతే వేరు లిఫ్ట్ గారూ, పదకొండంటే నడిచినట్టే కదా. నడిచినదాన్ని నేనేం చేసుకుంటాను చెప్పండి." మావయ్య తల ఊపాడు, ఆయన చెప్పింది న్యాయమే అన్నట్టు, నిజంగానే న్యాయమే అని ఆయన అభిప్రాయం, అదే ఈ మనుషులతో గొడవ. సీలు సార్ తన పెట్టెని ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. ఇరవై రెండేళ్ళు అటు చంకలోంచి ఇటు చంకలోకి వెళ్ళాయి. నేను చూస్తూ నిలబడ్డా, నాకు చాలా బాధ కలగాలి, కలుగుతుంది కూడా, సాయంత్రానికి చేరుకుంటుంది అనుకుంటా, దారిలో ఉంది.

డాక్టరమ్మ మాత్రం పని ఆపలేదు, టోకెన్ ఇచ్చాక పరీక్ష చెయ్యకుండా పంపదు. ఇంజన్ని ఎత్తింది, ఎర్రటి ఎరుపు, అలాగే ఉంది, పద్నాలుగేళ్ళూ ఒక్క మార్కు కూడా తగ్గలేదు. పొట్ట కింద అద్దం పెట్టింది. కీ కొసని గోటితో తాకి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇది నిండా కీ ఇచ్చి ఉంది, లిఫ్ట్ గారూ."

"ఉంది. పద్నాలుగేళ్ళయింది."

"అన్నేళ్ళు ఎలా ఉంచారండీ?"

"పది దాటకూడదని ఉంచా. ఇప్పుడింక దాటేసింది కదా." మావయ్య నా వైపు తిరిగాడు. "నీ కీయేగా. వదులు."

టేబుల్ మీద పరీక్ష పట్టాలు ఉన్నాయి, గుండ్రంగా, మూరెడు అడ్డం. పెట్టాను. బ్రేకు మీద వేలు వేశాను, నా వేలు ఇప్పుడు పెద్దది, బ్రేకు చిన్నదైపోయింది, నొక్కితే ఏమీ కాలేదు, ఒక క్షణం, ఇంకో క్షణం, నూనె గట్టిపడిందేమో, తెగుతుందేమో అని డాక్టరమ్మ కళ్ళద్దాల ముందు చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత లోపల ఎక్కడో ఎవరో నిద్రలో పక్కకి తిరిగినట్టయింది, బండి కదిలింది. అదే చప్పుడు. కుట్టు మిషన్. ఎవ్వరినీ చూడకుండా వెళ్తోంది, నాకు తొమ్మిదేళ్ళు, వేళ్ళు నొప్పి, ఇంక తిరగనంత దాకా నేను తిప్పిన ఒక్కో తిప్పూ అందులోంచి బయటికొస్తోంది, ఆ సాయంత్రం నేను పెట్టెలో పెట్టి మూసేసిన సాయంత్రం, అది కూడా ఇంత నిదానంగా తిరుగుతుందని తెలీదు. వెనక వరస ముసలాళ్ళు వాదన ఆపి వచ్చి నిలబడ్డారు. ఒకటి, అన్నారెవరో. చూస్తే సీలు సార్. పెట్టె చంకలోంచి కిందికి జారిపోతోంది, ఆయన చూసుకోవడం లేదు, వంగి, కళ్ళు పట్టాలకి సమానంగా పెట్టి చూస్తున్నాడు, మూడు వందల ఇంజన్లున్న మనిషి. రెండు, అన్నాడు. కింద పూల్లో విజిల్ మోగింది, ఈసారి ఎవ్వరూ తల ఎత్తలేదు. మూడో చుట్టులో బండి నెమ్మదించింది, ఎవరినో అడ్రస్ అడగబోతున్నట్టు, సగం దూరం వచ్చి ఆయన ముందు ఆగింది.

"అయిపోయిందా?" అన్నాడు సీలు సార్.

"కీ అయిపోయింది," అన్నాడు మావయ్య. కార్డు తీసుకుని పదకొండు పక్కన రెండున్నర వేసి, సగం చుట్టు రాయొచ్చో లేదో అని డాక్టరమ్మ మొహం వైపు చూస్తున్నాడు.

సీలు సార్ చంకలో పెట్టె టేబుల్ మీద పెట్టాడు, సీలు సీలుగానే ఉంది, అది ఇస్తానని ఆయన అనలేదు, ఇవ్వననీ మళ్ళీ అనలేదు. చెయ్యి చాచి ఇంజన్ పక్కన ఉన్న కీని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు, మాత్ర పట్టుకున్నట్టు, జారకుండా, నలగకుండా. తర్వాత మావయ్యని కాదు, డాక్టరమ్మని కాదు, నన్ను అడిగాడు, మెల్లగా, ఇంకెవరికీ వినబడకూడదన్నట్టు.

"ఇది ఎటు తిప్పాలమ్మా?"

"కుడివైపుకి," అన్నాను. మావయ్య పెన్సిల్ పట్టుకుని రెడీగా ఉన్నాడు.